వేట పోయింది, తూకం పోకూడదు

మా కర్నూలు, కడప సీమలలో "వేట" అన్న మాటకు వాడుకలో ఇప్పుడు రెండే అర్థాలు మిగిలాయి. ఒకటి, జాతరలో కోసే పొట్టేలో మేకపోతో. అందుకే అంగడి బల్ల మీద "వేటమాంసం" అని రాసి ఉంటుంది. రెండవది వేటకొడవలి. దాని గురించి నేను చెప్పనక్కరలేదు. సినిమావాళ్ళు అవసరానికి మించి చెప్పారు. అడవికి పోయి, మృగం జాడ పట్టి, గురి చూసి కొట్టడమనే మూలార్థం మాత్రం జనం నోళ్ళలోనుంచి జారిపోయింది. బతుకంతా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఒక మాట అర్థాన్ని పోగొట్టుకుంటూ ఉంటే చూస్తూ ఊరకుండలేను.

అందుచేత ఈ టపాలో పాతకాలపు పెద్ద బోరు వేట రైఫిళ్ళను గురించి, వాటికి తూటాలు చేత్తో కట్టుకునే విద్యను గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. భాషాపండితుడికి తుపాకితో ఏం పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. నేను వేటను తిరిగి తెమ్మనేవాణ్ణి కాను. 1970లో పులివేట నిషిద్ధమైంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో మిగిలిన వేట లైసెన్సుల దారి కూడా మూసుకుపోయింది. ఇవన్నీ జరగవలసినవే. నల్లమలలో ఈనాడు పులి మిగిలిందంటే ఆ చట్టాల పుణ్యమూ, చెంచుల పుణ్యమూ. నా బాధ వేరు. వేటను మాన్పించడంలో దాని వెంట ఉన్న ఒక క్రమశిక్షణను, ఒక పనితనాన్ని, ఒక పదసంపదను కూడా చెత్తకుప్పలో వేశాం. మొదటిది పోవలసిందే. తక్కినవి పోనవసరం లేదు.

"పెద్ద బోరు" అంటే ఏమిటో తెలియనివారికి రెండు మాటలు. ఒక పౌను సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు పోస్తే, ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోరు. నాలుగు గుండ్లే పోస్తే నాలుగు బోరు. అంటే పావు పౌను గుండు. నల్లమందు కాలంలో ఏనుగుల మీదికి అలాంటివే పట్టుకుపోయేవారు. ఆ తరువాత లెక్క అంగుళాలలోకి మారింది. .470 అంటే అంగుళంలో వెయ్యోవంతులు నాలుగు వందల డెబ్భై అన్నమాట. గుండు బరువును మాత్రం గ్రెయిన్లలో చెబుతారు. మనకు అర్థమయ్యే తూకంలో చెప్పాలంటే, మన తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. .405 వించెస్టర్ గుండు 300 గ్రెయిన్లు, ఒకటిన్నర తులానికి పైమాట. .470 గుండు 500 గ్రెయిన్లు, దాదాపు రెండు ముప్పావు తులాలు. .600 నైట్రో ఎక్స్‌ప్రెస్ గుండు 900 గ్రెయిన్లు, అక్షరాలా ఐదు తులాలు! కంసాలి త్రాసులో వేసి తూచవలసిన బరువు ఒక్క క్షణంలో గొట్టం దాటిపోతుంది. పేల్చినవాడి భుజం ఆ సంగతిని మూడు రోజులు మరిచిపోదు.

ఈ తుపాకుల చరిత్రలో మన దేశానికి ఒక విచిత్రమైన పాత్ర ఉంది. 1898లో లండనులోని జాన్ రిగ్బీ సంస్థ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్‌ను తెచ్చింది. నల్లమందు పోయి, పొగ రాని కార్డైట్ వచ్చిన కాలమది. ఇంతలో తెల్ల ప్రభుత్వానికి ఒక భయం పట్టుకుంది. పాత సైనిక రైఫిళ్ళు కూడా .450 బోరువే గదా, ఈ వేట తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కితే ఏమవుతుందని! ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో ఇండియాలోకి ఆ బోరు రాకుండా కట్టడి చేశారు. సైనిక బోర్లన్నింటికీ అదే గతి పట్టింది. ఇంగ్లండు తయారీదారులు ఊరకుంటారా? కొలత కాస్త మార్చి .465 అన్నారు, .470 అన్నారు, .475 అన్నారు. నేడు ప్రపంచమంతటా సంపన్నులు లక్షలు పోసి కొనుక్కునే .470 అనే బోరు పుట్టుకకు మూలం మన జనం మీద తెల్లదొరలకున్న భయం. మన ప్రభుత్వ కర్మాగారాలు నేటికీ చేస్తున్న .315 స్పోర్టింగ్ రైఫిల్ బోరు కూడా ఆ సైనిక బోర్ల నిషేధపు సంతానమే. పరాధీన కాలంలో రాసిన ఒక ఉత్తరువు ఇంకా మన తుపాకి గొట్టం వెడల్పును నిర్ణయిస్తూనే ఉంది.

ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి. కార్డైట్ చూడటానికి సేమియా పోగుల్లా ఉంటుంది. దాని గుణమేమంటే, వేడెక్కినకొద్దీ గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. లండను చలిలో సరిపోయిన మోతాదు మా కర్నూలు మే నెల ఎండలో ఇత్తడి గుల్లను గొట్టానికి అతుక్కుపోయేట్లు చేయగలదు. అందుకని ఉష్ణదేశాలకోసం మందు కొంచెం తగ్గించి వేరే తూటాలు కట్టేవారు. దేశకాలపాత్రలను బట్టి మోతాదు అన్న వైద్యసూత్రం తుపాకికి కూడా వర్తిస్తుందని నేను తెలుసుకున్నది ఇక్కడే.

ఇక జోడు గొట్టాల రైఫిలు. నాకు అన్నింటికన్నా ముచ్చట గొలిపేది ఇది. రెండు గొట్టాలను పక్కపక్కన పెట్టి అతికిస్తే రెండూ ఒకే చోట కొడతాయనుకుంటాం. కొట్టవు. పేలిన క్షణంలో కుడి గొట్టం తుపాకిని కుడివైపుకు నెడుతుంది, ఎడమది ఎడమవైపుకు. కాబట్టి ఆ కదలికను ముందే లెక్కగట్టి, గొట్టాల కొసలను లోపలికి కొంచెం వంచి అతుకుతారు. పనివాడు అతకడం, పేల్చి చూడడం, కరిగించి మళ్ళీ సర్దడం, మళ్ళీ పేల్చడం; రెండు గుండ్లు ఒకచోటికి చేరేదాకా ఇదే పని. అంతా అయ్యాక ఆ తుపాకి ఒకే ఒక తూటాకు కట్టుబడిపోతుంది: ఇంత బరువు గుండు, ఇంత వేగం. వేగం పెరిగినా తరిగినా రెండు గొట్టాలూ చెరోదారి పడతాయి. వాగర్థాల వలె కలిసి ఉండవలసినవి విడిపోతాయి. తూటా చేత్తో కట్టేవాడి విద్య అంతా ఈ ఒక్క విషయంలో ఉంది. తనకు తోచిన బలం నింపడం కాదు. నూరేళ్ళ క్రితం పోయిన ఒక పనివాడు ఏ వేగాన్ని మనసులో పెట్టుకొని ఆ గొట్టాలు అతికాడో, దాన్ని వెదికి పట్టుకోవడం. ప్రాచీన ప్రతులను పరిష్కరించే పండితుడు చేసేది కూడా ఇదే గదా! కవి రాసిన పాఠం ఏదో తేల్చాలి గానీ, తన కవిత్వం అందులో దూర్చకూడదు.

ఆ విద్య అవసరం ఎందుకు వచ్చిందంటే, 1960ల నాటికి ఇంగ్లండులో కైనాక్ సంస్థ ఈ పెద్ద తూటాల తయారీని ముగింపుదశకు తెచ్చింది. సామ్రాజ్యం పోయింది, గిరాకీ పోయింది. తుపాకులు మిగిలాయి, తూటాలు లేవు. అమెరికాలో, ఆఫ్రికాలో ఔత్సాహికులు కాల్చిన ఇత్తడి గుల్లలను దాచుకొని, వాటి మూతి సరిచేసి, కొత్త టోపీ దిగ్గొట్టి, మందు తూచి పోసి, గుండు బిగించడం మొదలుపెట్టారు. అందులో చిక్కులు అనేకం. కైనాక్ గుల్లలకు వాడిన బెర్డాన్ పద్ధతి టోపీలను తీయడం కష్టం. బాక్సర్ పద్ధతి గుల్లకు అడుగున నడిమధ్య ఒకే రంధ్రం, లోపలినుంచి సూదితో పొడిస్తే పాత టోపీ ఊడివస్తుంది. బెర్డాన్ గుల్లకు పక్కగా రెండు సన్న రంధ్రాలు, సూది దూరదు, బయటినుంచే పెకలించాలి. తమాషా ఏమంటే బాక్సర్ ఆంగ్లేయుడు, ఆయన పద్ధతి అమెరికాలో స్థిరపడింది. బెర్డాన్ అమెరికావాడు, ఆయన పద్ధతి ఐరోపాలో స్థిరపడింది. ఇంకొక చిక్కు: నేటి మందులు ఆ పెద్ద గుల్లను పూర్తిగా నింపవు. ఖాళీ మిగిలితే మందు అటూ ఇటూ దొర్లి నిప్పు సమంగా అందుకోదు. అందుకని పైన తేలికైన దూది కూరుతారు. కొందరు వాడేది మన తెల్లబూరుగు దూదే! తలగడలో పెట్టుకొని పడుకునేది, అక్కడ ఐదు తులాల గుండు వెనక పడుకుంటుంది.

మన దేశంలో ఆ పునర్జన్మ కలగలేదు. లైసెన్సు లేకుండా తూటా కట్టడం మన చట్టం ప్రకారం నేరం. అది ఉండవలసిన నియమమే. ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చేయవద్దని నేనూ చెబుతున్నాను. కానీ దాని ఫలితంగా ఇక్కడి పాత రైఫిళ్ళు తూటాలు లేక మూగబోయాయి.

అలా మూగబోయిన ఒకదాన్ని నేను ఎరుగుదును. హంద్రీ ఒడ్డున మా మేనమామగారి ఊళ్ళో ఒక పెద్దాయన ఉండేవారు. మాకు బంధువు కాకపోయినా పిల్లలందరికీ తాతే. ఆయన దగ్గర ఎవరో దొర వెళ్ళిపోతూ అమ్మిన .470 జోడు గొట్టాల రైఫిలు, ఒక మామూలు పన్నెండు బోరు ఉండేవి. 1969–70 ప్రాంతంలో నేను చూసినది ఆ పన్నెండు బోరుకు ఇత్తడి తూటాలు కట్టడం. ఎదుట గుడ్డ పరిచి, బీడీ కట్ట అవతల పెట్టించి, చిన్న కొలగరిటెతో మందు పోసి, అట్టబిళ్ళ వేసి, దట్టించి, గుళ్ళు పోసి, మైనంతో మూసేవారు. "తాతా, ఇంకొంచెం పోస్తే ఇంకా గట్టిగా పేలుతుంది కదా?" అని అడిగితే, "పేలుతుందప్పా. అవతలోడు బతుకుతాడు, పేల్చినోడే పోతాడు" అన్నారు. .470కు మిగిలినవి పదకొండు కైనాక్ తూటాలు. వాటిని ఆయన ఒక్కటీ కాల్చలేదు. ఖాళీ గుల్లలు డబ్బానిండా ఉండేవి, వాటికి సరిపడే టోపీలు దొరకలేదు. ఏటా తుపాకికి నూనె పట్టించేవారు, అంతే. ఆయన పోయాక వారసులకు లైసెన్సు చుట్టూ తిరిగే ఓపిక లేకపోయింది. తుపాకిని ఒక కార్యాలయంలో అప్పగించారు. కొన్నేళ్ళకు నేను కుతూహలం కొద్దీ వాకబు చేస్తే, పాతవాటితో పాటు కోయించి ముక్కలు చేశామన్నారు. ఆ జోడు గొట్టాలను మూడు నాలుగు సార్లు కరిగించి అతికిన పనివాడు ఎవరో, నాకు తెలియదు. కోసినవాడికి కూడా తెలియదు. అదే నా బాధ.

"సీమలో తుపాకి మీద ముచ్చటలేమిటి, మాస్టారూ?" అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మన ఇతిహాసాలలోనే సమాధానం వెదికాను. దశరథుడు శబ్దం విని బాణం వేశాడు, మునికుమారుడు పోయాడు. పాండురాజు లేడి అనుకొని కొట్టాడు, అది కిందముడనే ముని. చివరకు కృష్ణుడి పాదాన్ని మృగమనుకొని ఒక బోయ బాణం విడిచాడు, అవతారమే ముగిసింది. మూడు కథలలోనూ విలువిద్యకు లోటు లేదు, గురి తప్పలేదు. చూపు తప్పింది. ఎదుట ఉన్నది ఏమిటో తేల్చుకోకుండా విడిచారు. సప్తవ్యసనాలలో మృగయను చేర్చిన పెద్దలే ప్రబంధాలలో మృగయావర్ణనలను ఆదరించారు. మనుచరిత్రలో స్వరోచి వేట, కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేట చదవనివాడు తెలుగు చదివినట్టు కాదు. నా ఉద్దేశంలో ఇందులో వైరుధ్యం లేదు. తొందరను దూషించారు, నేర్పును మెచ్చుకున్నారు.

పెద్ద బోరు రైఫిలు సరిగ్గా ఆ తొందరకు విరుగుడు. జోడు గొట్టాలు, రెండే తూటాలు. ఒక్కో తూటా చేత్తో తూచి కట్టినది. దానితో మనిషి విచ్చలవిడిగా కాల్చలేడు. గాయపడిన మృగాన్ని వదిలిపెట్టి ఇంటికి పోరాదు, పొదల్లోకైనా వెదుక్కుంటూ పోయి బాధ తీర్చాలి అన్నది పాత వేటగాళ్ళ నియమం. బొలారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ పుస్తకాలు చదివితే ఇది కనబడుతుంది. ఆయన తిరిగిన చోట్లు మనవే: శేషాచలం కొండలలో చామల లోయ, మామండూరు, నల్లమలలో నంద్యాల–గిద్దలూరు రైలుదారి వెంట గాజులపల్లె, దిగువమెట్ట. ఆయన చేతిలో ఉన్నది .405 వించెస్టర్, 1895 నమూనా. 1909లో థియోడర్ రూజ్వెల్టు ఆఫ్రికాకు తీసుకుపోయిన బోరు కూడా అదే. మన అడవుల పేర్లు ఇంగ్లీషు పాఠకులకు తెలిశాయి, మన పాఠ్యపుస్తకాలలో మాత్రం వాటికి చోటు లేదు.

ఈనాటి పరిస్థితి చూడండి. వేరుశనగ చేలలో అడవిపందులు, కంది చేలలో జింకలు. రైతు కడుపుమంట నిజమైనది. నష్టపరిహారం కాగితాల మీద తిరిగి తిరిగి వస్తుంది. అతడేం చేస్తున్నాడు? చేను చుట్టూ దొంగకరెంటు తీగ లాగుతున్నాడు. ఎరలో నాటుబాంబు చుట్టి పెడుతున్నాడు. ఆ తీగ పందినే పట్టుకోదు, తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వచ్చిన పొరుగు రైతునూ పట్టుకుంటుంది. ఆ బాంబును పంది కొరికినా ఒకటే, ఆవు కొరికినా ఒకటే. దవడ పగిలిన ఆవు మేత మేయలేక రోజుల తరబడి చస్తుంది. దశరథుడు శబ్దమైనా విన్నాడు. ఈ తీగకు, ఈ బాంబుకు కన్నూ లేదు, చెవీ లేదు. పైరుకు హాని చేసే మృగాన్ని రాతపూర్వకమైన అనుమతితో నిర్మూలించే వీలు వన్యప్రాణి చట్టంలోనే ఉంది. ఆ వీలును శిక్షణ పొందిన, లెక్క చెప్పవలసిన, ఒక్క గుండుతో పని ముగించగల కొద్దిమంది చేతిలో పెట్టమంటాను. దయ అనేది చంపకపోవడంలో మాత్రమే లేదు. చంపక తప్పనప్పుడు ఎలా చంపుతామన్న దానిలోనూ ఉంది.

ఫ్యాక్షను మాట కూడా దాటవేయను. మా పల్లెలలో రక్తం పారించినవి ప్రధానంగా నాటుబాంబులు, కొడవళ్ళు. తూచి కట్టిన తూటా ఓర్పుగల మనిషి వస్తువు. పగవాడికి ఓర్పు ఉండదు. అయినా ఆయుధం ఆయుధమే. 2019 సవరణ ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండరాదన్నది, వారసత్వంగా వచ్చినవాటితో కలిపి. నాకు దానితో పేచీ లేదు. నా విన్నపం పరిమితమైనది. కాలం చెల్లి, మరమ్మతు చేసినా మళ్ళీ పేలనివిధంగా ఉన్న పాత ఆయుధాన్ని 1959 ఆయుధ చట్టమే తన పరిధినుంచి మినహాయించింది. అలాంటప్పుడు అప్పగించిన ప్రతి పాత తుపాకినీ రంపం కింద పెట్టడమెందుకు? ఒకసారి తెలిసినవాడి చేత పరిశీలింపజేయండి. పనితనం ఉన్నదైతే శాశ్వతంగా పేలకుండా చేసి, జిల్లా మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టండి. పక్కన ఖాళీ గుల్ల, త్రాసు, కొలగరిటె పెట్టి, ఎవరి ఇంటినుంచి వచ్చిందో, ఏమి చేసిందో నాలుగు వాక్యాలు తెలుగులో రాయండి. చంపిన పులుల సంఖ్య కూడా దాచకుండా రాయండి. గొప్పలు చెప్పుకోవడానికి కాదు. ఏమి పోగొట్టుకున్నామో పిల్లలకు తెలియడానికి.

చివరగా మాటల సంగతి. గొట్టం, మడమ, గుర్రం, టోపీ, మందు, గుండు, తూటా, దట్టించడం, గురి. రంజకం అంటే నిప్పు అందుకోవడానికి చెవి దగ్గర పోసే మందు; రంజింపజేసేది అని మా తరగతిలో చెప్పుకున్న అర్థమొక్కటే కాదు. "తుపాకి" తురుష్కుల నాటినుంచి నడిచివచ్చి మనదైపోయిన మాట. ఇవి చెప్పగలిగిన ముసలివారు మన పల్లెలలో ఇంకా అక్కడక్కడ ఉన్నారు. కడపలో కూర్చుని బ్రౌను దొర మన మాటలు ఏరుకున్నప్పుడు ఆయనకు పండితులతో పాటు పనివాళ్ళూ మాటలందించారు. మనకు ఆ ఓపిక లేకపోవడానికి కారణం నాకు కనబడదు. మీ ఊళ్ళలో పాత వేటగాళ్ళు, నాటు తుపాకులు బాగుచేసిన కమ్మరులు, వేటకు దారి చూపిన చెంచు పెద్దలు ఉంటే వారి దగ్గర కూర్చోండి. తుపాకి అడగవద్దు, మాట అడగండి. దొరికిన మాటను ఏ ఊళ్ళో, ఎవరి నోట, ఏ అర్థంలో విన్నారో రాసి పెట్టండి. వినేవాడుంటే వారూ చెప్పడానికి సిద్ధంగానే ఉన్నారు.